పాత పట్టు స్కార్ఫా, కొత్త డిజైనర్ స్కార్ఫా?

స్కార్ఫు చేతికి రాగానే నేను మొదట చూసేది బొమ్మ కాదు, అంచు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా జరిపితే, మంచి స్కార్ఫు అంచు సన్నటి తాడులా గుండ్రంగా, కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. కుట్లు గీత గీసినట్టు సమానంగా ఉండవు. ఒకచోట దగ్గరగా, మరోచోట రవ్వంత ఎడంగా ఉంటాయి. ఎవరో ఆ గుడ్డను ముందు పెట్టుకుని, అంచును వేళ్ళతో చుట్టుకుంటూ, ఒక్కొక్క కుట్టూ సూదితో వేశారన్నమాట. చీర చెంగుకు యంత్రం మీద పీకో చేయించినట్టు పలచగా, బిరుసుగా ఉన్న అంచు కనిపిస్తే, గుడ్డ మీద ఎంత పెద్ద పేరు అచ్చై ఉన్నా నేను వెనకాడతాను.

ఇంగ్లండులో ఆరేళ్ళు ఉద్యోగం చేసి హైదరాబాదు తిరిగి వచ్చాక, నా అలమర చూసిన వాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే. అంత డబ్బు పోసి కొత్త డిజైనర్ స్కార్ఫు కొనాలా, పాతది చాలా? నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి స్కార్ఫు పాతదే కొనండి, అదీ అంతగా పేరు మోగని సంస్థది. రెండోది పెద్ద పేరున్న సంస్థదే కావాలనుకుంటే, ఒకరు వాడినది కొనండి. కొత్తది దుకాణంలో కొనడానికి కారణాలు లేకపోలేదు గానీ, అవి తక్కువ. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను.

చతురస్రపు గుడ్డకు అంత ధర ఎందుకు

డిజైనర్ స్కార్ఫు అనగానే ముందు వినిపించే పేరు ఎర్మెస్. 1837లో పారిస్‌లో గుర్రాల జీనులు, పగ్గాలు చేసే పనివాళ్ళ కొట్టుగా మొదలైన సంస్థ అది. సరిగ్గా నూరేళ్ళకు, 1937లో, ఆ కుటుంబానికి అల్లుడైన రొబేర్ ద్యుమా మొదటి పట్టు చతురస్రాన్ని తెచ్చారు. ఓమ్నిబస్సులనే పాతకాలపు గుర్రపు బళ్ళ చుట్టూ అల్లిన ఆట పటం దాని మీది బొమ్మ. ఫ్రెంచిలో దీన్ని ‘కారే’ అంటారు, చతురస్రం అనే అర్థంలోనే. ఒక్కో వైపు 90 సెంటీమీటర్లు. ఇప్పటికీ అదే అసలు కొలత.

ధరలో పేరుకు పోయే వాటా ఉంది, కాదనను. పనికి పోయే వాటా కూడా ఉంది. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకు ఒక్కో చట్రం కావాలి. ముప్పై రంగులున్న బొమ్మ అంటే ముప్పై చట్రాలు ఒకదాని తరవాత ఒకటి, వెంట్రుకవాసి తేడా రాకుండా అదే చోట దిగాలి. పెడనలో అచ్చు కలంకారీ పని చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. గీతకు ఒక అచ్చు, లోపలి రంగుకు మరొకటి. రెండోది పిసరంత పక్కకు పడితే ఎరుపు రేకు దాటి బయటికి వచ్చేస్తుంది. పట్టు మీద, అదీ 90 సెంటీమీటర్ల పొడవునా, ముప్పైసార్లు ఆ తప్పు జరగకుండా చూడడం చిన్న పని కాదు. ఈ అద్దకమంతా తరతరాలుగా పట్టుకు పేరుపడ్డ లియాన్ నగరం చుట్టుపక్కల సాగుతుంది. ఇటలీ సంస్థల పట్టుకు కోమో సరస్సు పరిసరాలు అలాంటివి.

బొమ్మ గీసేవాళ్ళ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కర్మిట్ ఆలివర్ అనే అమెరికా చిత్రకారుడు టెక్సాస్‌లోని వేకోలో, తపాలా కార్యాలయంలో రాత్రి పాళీ ఉద్యోగం చేస్తూనే ఎర్మెస్‌కు పదికి పైగా స్కార్ఫులు గీశారు. తన ప్రాంతపు పక్షులు, జంతువులు, మొక్కలు, అక్కడి ఆదివాసుల రూపాలు వాటి నిండా ఉంటాయి. ఒక స్కార్ఫులో అంత ఓపిక పోసి ఉంటుందని తెలిశాక, మెడకు చుట్టుకునే ముందు ఒకసారి బల్ల మీద పూర్తిగా పరిచి చూడాలనిపిస్తుంది.

ఇక పోలిక. కొత్త కారే అమెరికాలో 500 డాలర్లు దాటింది. అదే సంస్థది, ఇరవై ముప్పై ఏళ్ళనాటిది, మరకలు లేకుండా తరచుగా అందులో సగానికే దొరుకుతుంది. గుడ్డ అదే తరగతి, అంచు అదే చేతికుట్టు. కొత్త పట్టు కొద్దిగా బిగువుగా ఉంటుంది, ముడి వేస్తే నిలబడుతుంది. పాతది మెత్తబడి మెడ మీద చక్కగా వాలుతుంది. మెత్తదనం నాకిష్టం. నిటారుగా నిలిచే ముడి ఇష్టమైనవాళ్ళకు కొత్తదే నచ్చవచ్చు. కొత్తదానితో వచ్చేవి మరి మూడున్నాయి: అసలుదేనన్న నిశ్చింత, నచ్చకపోతే మార్చుకునే వీలు, నారింజరంగు పెట్టె. పెళ్ళికో, పదవీ విరమణకో ఎవరికైనా ఇవ్వాలంటే ఆ మూడింటికీ విలువ ఉంది. మీకోసం మీరు కొనుక్కుంటుంటే, పెట్టె అలమర పైన దుమ్ము పట్టడం తప్ప చేసేదేమీ ఉండదు.

పెద్ద పేర్లన్నీ ఒకే రకం స్కార్ఫు చేయవని కూడా గుర్తుంచుకోవాలి. అలెగ్జాండర్ మెక్వీన్ 2003లో తెచ్చిన పుర్రెల స్కార్ఫు షిఫాన్ మీద అచ్చు వేసినది. చూడడానికి తేలికగా, గాలిలో తేలేలా ఉంటుంది. కానీ గాజు అంచు తగిలినా, చెవిపోగు కొక్కెం తగిలినా పోగు లేస్తుంది. ఏటవాలు గీతలుగా నేసే ట్విల్ దానికంటే ఎంతో గట్టిది. రోజూ వాడే స్కార్ఫు ట్విల్ కావాలి. ఏడాదికి నాలుగుసార్లు కట్టేదైతే షిఫాన్ అయినా పరవాలేదు.

అంతగా పేరు మోగని పాత సంస్థలు

మొదటిసారి కొనేవాళ్ళకు అసలు నిధి ఇక్కడుంది.

వేరా నాయ్‌మన్ కథతో మొదలుపెడతాను. 1940ల్లో న్యూయార్కులో తన వంటింటి బల్ల మీద స్క్రీన్ ప్రింటింగు మొదలుపెట్టిన చిత్రకారిణి ఆమె. యుద్ధ సమయంలో నార గుడ్డ దొరక్కపోతే, సైన్యం వదిలించుకున్న సరుకు అమ్మే కొట్టులో పారాచూట్ పట్టు చూసి, దాని మీద స్కార్ఫులు అద్దారు. ప్రతి బొమ్మ కింద ‘వేరా’ అని సంతకం చేసేవారు. చాలావాటిలో ఆ సంతకం పక్కన ఒక ఆరుద్ర పురుగంత చిన్న చుక్కల పురుగు ఉంటుంది. గసగసాల పువ్వులు, నిమ్మకాయలు, ఫెర్న్ ఆకులు, పెద్ద పెద్ద వలయాలు. నీళ్ళలో తడిపిన కుంచెతో అప్పుడే వేసినట్టుండే ఆ తాజాదనం ఇప్పటి కంప్యూటర్ బొమ్మల్లో నాకు కనిపించదు. ఆమె స్కార్ఫులు లెక్కలేనన్ని అచ్చయ్యాయి కాబట్టి ఇప్పటికీ సరసమైన ధరకు దొరుకుతాయి. నా దగ్గరున్న రెండూ ఒక్కొక్కటి పాతిక డాలర్ల లోపే వచ్చాయి. అయితే ఆమె పేరు మీద పట్టుతో పాటు పాలియెస్టర్, నైలాన్, అసిటేట్ స్కార్ఫులు కూడా ఉన్నాయి. సంతకం చూసి ఆగిపోకుండా గుడ్డ ఏదో చూసుకోవాలి.

లండన్‌లో జాక్‌మార్ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దేశభక్తి నినాదాలు, సైనిక చిహ్నాలు అచ్చు వేసిన దాని స్కార్ఫులు ఇప్పుడు సేకరణకర్తల చేతుల్లోకి వెళ్ళిపోయి ప్రియమయ్యాయి. ఆ కాలంలో పట్టు పారాచూట్లకు పోయేది. కాబట్టి యుద్ధకాలపు స్కార్ఫు రేయాన్ మీద అచ్చై ఉంటే దాన్ని లోపంగా చూడకండి. యుద్ధం తరవాతి జాక్‌మార్ పువ్వుల స్కార్ఫులు మాత్రం ఇప్పటికీ అందుబాటు ధరలోనే ఉన్నాయి. లీడ్స్‌లో, జనం విరాళంగా ఇచ్చిన పాత వస్తువులు అమ్మే ఒక ఛారిటీ దుకాణంలో, గాజు పెట్టెలో పాత గొలుసుల కింద నలిగి ఉన్నదాన్ని నేను ఎనిమిది పౌండ్లకు కొన్నాను. లేత బూడిద రంగు నేల మీద గులాబీలు, ముదురు నీలం అంచు. ఒక మూల కుట్టు ఊడి ఉంది. అదే రంగు దారం వెతికి నేనే కుట్టుకున్నాను. ఆ మూల ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

లండన్‌లోనే, 1939లో ప్రేగ్ విడిచి వచ్చి స్థిరపడ్డ జికా, లీడా ఆషర్ దంపతులు యుద్ధం ముగిశాక మతీస్, హెన్రీ మూర్ వంటి పేరున్న కళాకారుల చేత స్కార్ఫుల కోసమే బొమ్మలు వేయించారు. అవి ఇప్పుడు మ్యూజియంలకు చేరాయి, మన కొనుగోలు జాబితాలోకి రావు. ఎక్కడైనా ప్రదర్శనలో కనిపిస్తే తప్పక చూడండి.

లిబర్టీ సంగతి వేరు. 1875లో లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్‌లో తెరిచిన ఆ దుకాణం మొదట అమ్మినవాటిలో మన దేశపు పట్టు గుడ్డలు, వాటి మీద ఇంగ్లండులో అద్దిన రంగులు ఉండేవి. 1887 నాటి నెమలికన్నుల నమూనా ‘హెరా’ ఇప్పటికీ స్కార్ఫుల మీద వస్తూనే ఉంది. నెమలికన్ను పట్టుచీరలు కట్టినవాళ్ళకు ఇది దూరపు చుట్టంలా అనిపిస్తుంది. పాత లిబర్టీ పట్టు స్కార్ఫు, కొత్త లిబర్టీ పట్టు స్కార్ఫు పక్కపక్కన పెడితే నేను పాతదే తీసుకుంటాను. ధర తేడా అంతుంటుంది మరి.

గూచీ ‘ఫ్లోరా’ను ఈ రెండు వర్గాల నడుమ పెట్టాలి. 1966లో మొనాకో రాకుమారి గ్రేస్ కెల్లీ కోసం విత్తోరియో అక్కోర్నెరో గీసిన పూలగుత్తుల బొమ్మ అది, 37 రంగుల్లో. పాత ఫ్లోరాలో చిత్రకారుడి సంతకం బొమ్మలోనే కలిసి ఉంటుంది, వెతికి చూడండి. పూలంటే ప్రాణమైనవాళ్ళకు, ఎర్మెస్ గుర్రాలూ జీనులూ నచ్చనివాళ్ళకు నేను చెప్పేది ఇదే.

పాతది కొనేటప్పుడు ఏం చూడాలి

నేను ఒకసారి బాగా మోసపోయాను. ఇంటర్నెట్‌లో ఒకరు ‘అచ్చమైన పట్టు, 1960ల నాటిది’ అని పెట్టిన స్కార్ఫు, ఫొటోలో నిగనిగలాడుతూ కనిపించింది. వచ్చాక అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగిస్తే, కరిగి నల్లటి గట్టి పూసలా గడ్డకట్టింది. పాలియెస్టర్. పట్టు పోగైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిదను నలిపితే పొడిపొడి అవుతుంది. రేయాన్ కాగితం కాలినట్టు కాలుతుంది. కొన్న తరవాత చేసే ఈ పరీక్ష తిరిగి పంపే గడువు లోపల చేయండి. నేను గడువు దాటాక చేశాను.

కొనక ముందు చేయగలిగినది తూకం. ఇది చాలామందికి తోచదు గానీ, వంటింట్లో పిండి తూచే చిన్న కాటా ఉంటే చాలు. పట్టు మందాన్ని ‘మొమ్మీ’ అనే జపాన్ కొలతలో చెబుతారు. 1 మొమ్మీ అంటే చదరపు మీటరుకు సుమారు 4.34 గ్రాములు. 90 సెంటీమీటర్ల చతురస్రం వైశాల్యం 0.81 చదరపు మీటర్లు. అంటే 18 మొమ్మీల బరువైన ట్విల్ అయితే స్కార్ఫు 63 గ్రాముల దాకా తూగాలి. 12 మొమ్మీల పలచటిదైతే 42 గ్రాములే. అమ్మేవారిని బరువు, కొలత అడగండి. ఫలానా పెద్ద సంస్థ ట్విల్ కారే అని చెబుతూ 40 గ్రాములు చూపిస్తే, అది ఆ సంస్థది కాదు.

తరవాత వెలుతురు. కిటికీకి ఎదురుగా స్కార్ఫును రెండు చేతులా చాపి పట్టుకోండి. మడతల గీతల వెంబడి సూదిమొనలంత వెలుగు చుక్కలు కనిపిస్తే, పట్టు అక్కడ చీలిపోవడం మొదలైంది. అలాంటిది ఎంత చవకైనా కట్టడానికి పనికిరాదు, చట్రంలో బిగించి గోడకు పెట్టుకోవాలంతే. మెడ దగ్గర పసుపు మరక ఉంటే అది చెమటదో, అత్తరుదో అయి ఉంటుంది. అది పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కలరా ఉండల వాసన మాత్రం భయపడాల్సినది కాదు. నీడలో గాలికి వారం రోజులు ఆరేస్తే దిగిపోతుంది.

గుడ్డను తిరగేసి చూడండి. పాత స్క్రీన్ ప్రింటింగులో రంగు పట్టులోకి ఇంకి వెనక వైపుకూ దాదాపు అంతే నిండుగా వస్తుంది. వెనకవైపు వెలిసిపోయినట్టు తెల్లగా ఉంటే ఈ మధ్య డిజిటల్ యంత్రం మీద అచ్చైనదయ్యే అవకాశం ఎక్కువ. పాత చీటీ ఉంటే అదీ కొంత చెబుతుంది. పశ్చిమ జర్మనీలో తయారైందని ఉంటే అది 1990కి ముందుది. అమెరికా చీటీ మీద ‘ఆర్ ఎన్’ అని అంకె ఉంటే ఆ సంఖ్య ద్వారా సంస్థ పేరు వెతికి పట్టుకోవచ్చు. చీటీ లేకపోవడం తప్పేమీ కాదు. మెడకు గీరుకుంటుందని చాలామంది కత్తిరించి పారేస్తారు.

ఎర్మెస్ నకిలీల గురించి ప్రత్యేకంగా ఒక మాట. అసలుదానిలో అంచును ముందు వైపుకు, అంటే బొమ్మ వైపుకు చుట్టి కుడతారు. ఇటలీ స్కార్ఫుల్లో సాధారణంగా వెనక్కి చుడతారు. దారం అంచు రంగులో కలిసిపోతుంది. నకిలీల్లో అంచు వెనక్కి తిరిగి, కుట్లు యంత్రపు వరసలో, దారం వేరే రంగులో దొరికిపోతాయి. అంచు ముందుకే ఉండి అణగిపోయి ఉంటే మాత్రం నకిలీ అనుకోవద్దు. ఎవరో దాని మీద ఇస్త్రీపెట్టె గట్టిగా నొక్కి ఉంటారు.

కొలత, వాతావరణం

90 సెంటీమీటర్ల పట్టు చతురస్రం చలి దేశాల కోసం పుట్టిన వస్తువు. కోటు మెడలోంచి కనిపించేలా కట్టుకుంటే దాని అందం పూర్తిగా తెలుస్తుంది. విజయవాడలో మే నెలలో దాన్ని మెడకు బిగించి కట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. చెమట పట్టుకు పరమ శత్రువు, మనిషికీ హాయి కాదు. మన ఊళ్ళలో ఉండేవాళ్ళకు 45 లేదా 70 సెంటీమీటర్లది ఎక్కువ పనికొస్తుంది. జడకు, ముడికి కట్టుకోవచ్చు. చేతిసంచి పిడికి చుట్టుకోవచ్చు. ఏసీ గదిలో పనిచేసేవాళ్ళు నూలు కుర్తా మెడ మీద వదులుగా వేసుకోవచ్చు. చిన్న కొలతలు పాతవాటిలో దండిగా దొరుకుతాయి, పెద్దవాటికంటే చవక కూడా. చికాగోలోనో టొరొంటోలోనో ఉండేవాళ్ళకు జనవరిలో కావలసింది పట్టు కాదు, ఉన్ని. బర్బెరీ గళ్ళ కాశ్మీరా స్కార్ఫు వంటివి పాతవి కొనేటప్పుడు పురుగు కొట్టిన చిల్లులు వెతకడం ఒక్కటే ముఖ్యం. ఒక్క చిల్లు కనిపించినా వదిలేయండి. గుడ్లు ఉంటే మీ అలమరంతా పాకుతాయి.

మనకు చతురస్రం కొత్త కాదు

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ముడి వేసుకునే చదరపు గుడ్డ మన నేల మీద ఎప్పటినుంచో ఉంది. చీరాలలోనూ, తరవాత పుట్టపాకలోనూ నేసిన తేలియా రుమాలు అరబ్బు దేశాలకు తలగుడ్డగా ఎగుమతి అయ్యేది. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి, పడుగుకూ పేకకూ విడివిడిగా చిటికీ కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల దారంతో బిగించి, రంగులద్ది, మగ్గం మీద రెండింటి చుక్కలూ కలిసేలా నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు. పాతవాటిలో గడియారాలు, విమానాల బొమ్మలు నేసినవి కూడా ఉన్నాయి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డిజైనర్ స్కార్ఫుతో పోలిస్తే ఇది ముదురుగా, మొరటుగా అనిపించవచ్చు. కానీ మన ఎండకు మెడ మీద ఊపిరాడేది ఇదే, తెల్ల కుర్తా మీద దీని ఎరుపుకు సాటి రాగలవి తక్కువ. నూలుకు చెమట భయం కూడా లేదు. మొదటి స్కార్ఫు వేసవిలో కొంటుంటే నా సలహా మారిపోతుంది: పట్టు ఆగవచ్చు, ముందు అసలైన జంట చిటికీ రుమాలు కొనండి. వెనక తిప్పి చూస్తే రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉండాలి. ఒక వైపే ఉంటే అది అచ్చు వేసిన అనుకరణ.

ఎవరికి ఏది

కట్టుకోవడం అలవాటు లేనివాళ్ళు, స్కార్ఫు తమకు నప్పుతుందో లేదో తెలియనివాళ్ళు పెద్ద డబ్బు పెట్టనే వద్దు. 2,000 రూపాయల లోపు దొరికే పాత పట్టు చతురస్రంతో మూడు నెలలు గడపండి. ఏ రంగు మీ ముఖానికి వెలుగు తెస్తుందో, ఏ ముడి మీ చేతికి వస్తుందో అప్పుడు తెలుస్తుంది. మడిచి కట్టినప్పుడు బయటికి కనిపించేది మధ్య బొమ్మ కాదు, అంచుల రంగు. ఇది కొనేటప్పుడు అందరూ మరిచిపోతారు. నేనూ గుర్రాల బొమ్మకు మురిసి ఒకటి కొని, కట్టాక బొత్తిగా నప్పని ఆవపసుపు అంచు మాత్రమే మెడ దగ్గర కనిపిస్తే ఏడాది పాటు తీసి చూడలేదు.

ఒక ఫలానా బొమ్మ మీద మనసు పడితే, ఆ బొమ్మ పాతవాటిలో వచ్చేదాకా ఆగండి. ఆగలేకపోతే కొత్తది కొనండి, అందులో తప్పు లేదు. జీవితంలో ఒకే ఒక్క మంచి స్కార్ఫు చాలనుకునేవాళ్ళు కూడా కొత్తదే కొనవచ్చు. ఇరవై ఏళ్ళు వాడితే ఆ ధర పెద్దదనిపించదు. పేరు కనిపించాలన్న కోరికతో మాత్రం, పెద్ద అక్షరాల చిహ్నం నిండా ఉన్న పలచటి కొత్త స్కార్ఫు కొనకండి. ఆ డబ్బుకు మూడు మంచి పాత చేతికుట్టు స్కార్ఫులు వస్తాయి.

పట్టు ఏదైనా దాచే పద్ధతి మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. మా అమ్మ దసరాకు ముందొకసారి, సంక్రాంతి తరవాతొకసారి పట్టుచీరలన్నీ తీసి, నీడలో ఆరేసి, పాత మడతకు అడ్డంగా కొత్త మడత పెట్టేది. స్కార్ఫులకూ అంతే చేస్తాను. పాత నూలు చీర ముక్కలో చుట్టి ఆ చీరల మధ్యనే పెడతాను. అత్తరు కొట్టుకున్నాక పది నిమిషాలు ఆగి కట్టుకుంటాను. ఉతకాలంటే ముందు తడి తెల్లగుడ్డతో ఒక మూల అద్ది చూస్తాను. రంగు అంటితే డ్రైక్లీనింగుకే పంపుతాను. ఇస్త్రీ తక్కువ వేడి మీద, వెనక వైపు నుంచి చేయాలి. పెట్టెను అంచుకు ఒక వేలెడు ఇవతలే ఆపండి. నలిగిన అంచుకు ఆవిరి పట్టి వేళ్ళ మధ్య దొర్లిస్తే కొంత లేస్తుంది గానీ, మొదటి గుండ్రం మళ్ళీ రాదు.